మూడవవాని నేరమేమి?

ఎన్నికలు సమీపించినప్పుడెల్ల మా గోదావరిఖనిలో ఒక మాట షిఫ్టు సైరను వలె వేళ తప్పక వినవచ్చుచుండును. "వానికి వేసినచో ఓటు మురిగిపోవును" అనునదే యా మాట. దీనిని మొదట పెద్ద పార్టీల కార్యకర్తలు వీధివీధిని చాటుదురు. పిదప చౌరస్తాలోని చాయదుకాణములయందు పెద్దమనుష్యులు తలలూచుచు చెప్పుదురు. తుదకు ఓటరు ఇంటికి పోయి, భోజనమునకు కూర్చుండి, అది తన సొంత బుద్ధికి తోచిన మాటయే యైనట్లు భార్యతో చెప్పును. ఓటు కూరగాయ కాదు గదా, ఏల మురుగును, ఎవరు మురుగబెట్టుచున్నారు అని యడుగువారు మాకంతగా కనబడలేదు.

2023 వ సంవత్సరపు శాసనసభ యెన్నికలకు ముందు, మాయొద్ద చదువుకొని యిప్పుడు భూగర్భగనిలో పనిచేయుచున్న యువకుడొకడు మొదటి షిఫ్టు దిగి మా యింటికి వచ్చెను. కన్నురెప్పల యంచున బొగ్గుమసి యింకను కాటుకవలె నిలిచియుండెను. కుశలప్రశ్నలైన పిమ్మట అతడిట్లడిగెను: "సార్, గా మూడో ఆయన మంచోడే. మా బాయిల కాంట్రాక్టు కూలోళ్ల సంగతి మాట్లాడేటోడు ఆయనొక్కడే. కానీ ఆయనకేస్తె ఓటు మురిగిపోతదట, మాకు గిట్టనోడు గెలుస్తడట. ఏం జెయ్యాలె సార్?" మేము కొంతసేపు తడబడి, "నీ మనస్సాక్షి చెప్పినట్లు చేయుము" అంటిమి. అది ఉపాధ్యాయులు సమాధానము తెలియనప్పుడు తప్పించుకొనుటకు వాడు మాట. అతడు నమస్కరించి వెడలిపోయెను. ఆ ప్రశ్న మాత్రము మా యొద్దనే యుండిపోయినది. ఆలస్యముగానైనను దానికి బదులు చెప్పుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మూడవ యభ్యర్థి "ఓట్లు చీల్చువాడు" అను నింద మనలో చాలకాలముగా నున్నది. ఈ నింద యొక్క పునాదిని పరీక్షింపుడు. ఓట్లు ఆ యిరువురు పెద్దల పిత్రార్జితమైనట్లును, మూడవవాడు దాయాదివలె నడుమ వచ్చి వాటా అడుగుచున్నట్లును అందు భావింపబడుచున్నది. ఓటు ఓటరుదే గాని అభ్యర్థిది కాదను మొదటి పాఠమునే యిది మరచినది. అది యట్లుండనిండు. ఒకనికి ఓటు వేసినచో మరియొక శత్రువు గెలుచునను భయము మాత్రము కల్పితము కాదు. ఆ భయము నిజమే. కాని యది మూడవవానివలన పుట్టినది కాదు. ఓట్లను లెక్కించు మొరటు పద్ధతివలన పుట్టినది. ఇంతకన్న వింతయేమనగా, మన శాసనకర్తలకు ఇంతకంటె మేలైన పద్ధతి తెలియకపోలేదు. తెలిసి, తమకు దానిని దాచుకొని, మనకు దీనిని విడిచిరి.

దీనికి నిదర్శనము 1969 వ సంవత్సరపు రాష్ట్రపతి యెన్నిక. ఆ కథ తెలుగువారి యింటికథ గనుక కొంత వివరముగా చెప్పుట తప్పు కాదు. ఆ సంవత్సరము మే 3 వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు పదవిలో నుండగనే పరమపదించిరి. ఉపరాష్ట్రపతులగు వరాహగిరి వేంకటగిరిగారు కొంతకాలము ఆ భారమును వహించి, జూలైలో పదవులను వదలుకొని స్వతంత్రాభ్యర్థిగా నిలిచిరి. కాంగ్రెసు నిలిపినది నీలం సంజీవరెడ్డిగారిని. వారు ఆంధ్రప్రదేశమునకు తొలి ముఖ్యమంత్రులు, అంతవరకు లోకసభ సభాపతులు. గిరిగారన్ననో రైల్వే కార్మికోద్యమమున పెరిగి, అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు రెండుమారులు అధ్యక్షత వహించినవారు. ఆ సంఘపు జెండా నేటికిని మా గనుల గేట్ల ముందు ఎగురుచున్నది. ఇరువురు తెలుగువారు దేశాధ్యక్షపీఠమునకై యెదురెదురుగా నిలుచుట అంతకుముందు లేదు, ఆ తరువాతను లేదు. ప్రధాని ఇందిరాగాంధి తన పార్టీవారిని మనస్సాక్షి ననుసరించి ఓటు వేయుడని కోరినది. (మేము ఆ యువకునితో ఆడిన మాట యెక్కడిదో యిప్పుడు మాకు తెలియుచున్నది.)

ఈ యిరువురి నడుమ మూడవవారొకరు నిలిచిరి. వారే చింతామణి ద్వారకానాథ దేశముఖ్‌గారు. రిజర్వు బ్యాంకునకు తొలి భారతీయ గవర్నరు, 1950 మొదలు 1956 వరకు దేశపు ఆర్థికమంత్రి. స్వతంత్ర పార్టీయు, జనసంఘమును వారిని బలపరచినవి. నామమాత్రముగా నిలిచినవారితో కలిపి అభ్యర్థులు మొత్తము పదునైదుగురు. ఆగస్టు 16 వ తేదీన ఓట్లు పడినవి, 20 వ తేదీన లెక్క తేలినది.

పార్లమెంటు సభ్యులును, రాష్ట్రముల శాసనసభ్యులును మాత్రమే యీ యెన్నికలో ఓటరులు. ఒక్కొక్కరి ఓటునకు ఒక్కొక్క విలువ కట్టబడియున్నది. ఆనాడు చెల్లిన ఓట్ల మొత్తము విలువ 8,36,337. గెలుపునకు సగము కంటె ఒకటి ఎక్కువ, అనగా 4,18,169 రావలయును. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశముఖ్‌గారికి 1,12,769 వచ్చినవి. ఎవరికిని సగము రాలేదు. ఇదియే మా రామగుండము శాసనసభ యెన్నికయై యుండినచో, లెక్క అక్కడితో నిలిచి, గిరిగారు 87,967 ఆధిక్యముతో గెలిచిరని ప్రకటించి, బాణసంచా కాల్చియుందురు. సంజీవరెడ్డిగారి పక్షమువారు దేశముఖ్‌గారిని జన్మాంతమువరకు ఓట్లు చీల్చిన ద్రోహియని తిట్టియుందురు.

అట్లు జరుగలేదు. ఏలయన, ఆ ఓటరుల చేతిలోని పత్రము ఒక్క పేరునకు గుర్తుపెట్టి ముగించునది కాదు. అందు పేర్లకెదురుగా 1, 2, 3 అని తమ యిష్టము చొప్పున వరుస వ్రాయవచ్చును. మొదటి లెక్కలో ఎవరికిని సగము రానిచో, అట్టడుగున నున్నవానిని తొలగించి, వాని కట్టలోని పత్రములను మరల విప్పి, రెండవ స్థానమున ఎవరి పేరున్నదో వారికి చేర్చుదురు. ఇట్లు ఒక్కొక్కరినే తొలగించుచు, తుదకు దేశముఖ్‌గారి పత్రములను సైతము విప్పిరి. అప్పుడు గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 తేలినవి. ఈ యంకెలను మా విద్యార్థులచే నల్లబల్లపై తీసివేత చేయించితిమి. తొలగింపబడినవారి పత్రములవలన గిరిగారికి చేరినది 18,562. సంజీవరెడ్డిగారికి చేరినది 91,879. ఎనుబదియేడు వేలకు మించిన యంతరము 14,650 కి దిగివచ్చినది. గిరిగారు సగమును దాటినది 1,908 తో మాత్రమే.

గెలిచినవారు మారలేదు గదా, ఇంత శ్రమ దేనికి అని యెవరైన ననవచ్చును. మారనిమాట నిజమే. అయినను దేశముఖ్‌గారిని కోరినవారు తమ మనస్సులోని మాటను నిర్భయముగా చెప్పిరి; తమవాడు ఓడిన పిమ్మట మిగిలిన యిరువురిలో నెవరు మేలో అదియును చెప్పిరి. ఆ రెండు మాటలును లెక్కలోనికి వచ్చినవి. ఒక్క ఓటును మురుగలేదు. ఓడినవారికి మూడవవానిని తిట్టుటకు కారణము దొరకలేదు. గెలిచినవారికి సగముమందికి పైగా సమ్మతించిరను గౌరవము దక్కినది. ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టునకు పోయినవారు సైతము ఇతర యారోపణములు చేసిరే గాని మూడవవాడు నిలుచుట యన్యాయమనలేదు.

రాజ్యాంగమును వ్రాసినవారు రాష్ట్రపతి యెన్నికకు ఈ పద్ధతిని 55 వ అధికరణమున స్పష్టముగా నిర్దేశించిరి. లోకసభకును, శాసనసభలకును ప్రత్యక్షముగా ఎన్నుకొనవలెనని మాత్రము చెప్పి, లెక్కించు తీరును శాసనములకు విడిచిరి. ఆ శాసనములను చేయువారెవరు? రాష్ట్రపతి యెన్నికలో తమకు వరుసపత్రము గలవారే. తమ ఓటు మురుగకూడదు. మన ఓటు మురిగినను చింతలేదు.

ఈ పంక్తిభేదమున మేమును పాపము పంచుకొన్నవారమే. దాచుట ధర్మము కాదు. 2025 ఫిబ్రవరి 27 వ తేదీన మా కరీంనగర్, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్ ప్రాంతములకు శాసనమండలి యెన్నికలు జరిగినవి. పట్టభద్రులకొక స్థానము, ఉపాధ్యాయులకొక స్థానము. మేము పట్టభద్రులము, ఉపాధ్యాయులమును గనుక మాకు రెండు పత్రములు చేతికిచ్చిరి. ఊదారంగు స్కెచ్ పెన్నుతో రెండింటిపైనను 1, 2, 3 అని తీరికగా వ్రాసి వచ్చితిమి. పట్టభద్రుల స్థానమునకు యాబదిమందికి పైగా నిలిచిరి. భారతీయ జనతా పార్టీ, కాంగ్రెసు అభ్యర్థుల వెనుక మూడవవారుగా నిలిచిన బహుజన సమాజ్ పార్టీ యభ్యర్థికి మొదటి ప్రాధాన్యపు ఓట్లే అరువదివేలు దాటినవి. వారికి వేసినవారి పత్రములను విప్పి రెండవ కోరికను గూడ లెక్కించిరి. లెక్క దినములకొలది సాగినది. ఆకాశము విరిగి పడలేదు.

నాలుగక్షరములు నేర్చినందులకు మాకు రెండు వరుసపత్రములు. మా ఉద్యోగములకు వెలుగునిచ్చు కరెంటునకు బొగ్గు త్రవ్వు మా పూర్వవిద్యార్థికి ఒక మీట. అతడు దానిని ఒక్కసారి నొక్కగానే అతని యభిప్రాయము సమాప్తము.

"కూలివారికి వరుస వ్రాయుట రాదు" అని మా మిత్రులైన ఒక వకీలుగారు సెలవిచ్చిరి. ఈ మాట వినగానే మాకు నవ్వు, కోపము ఏకకాలమున వచ్చినవి. బొగ్గుగనిలో షాట్‌ఫైరర్ చేయు పనియేమో వకీలుగారికి తెలియదు కాబోలు. బొగ్గుముఖమున రంధ్రములు వేసి, మందు కూరి, ఏ రంధ్రము ముందుగా, ఏది దాని వెనుక పేలవలెనో అంకెల వరుసగల డిటొనేటర్లతో నిర్ణయింపవలయును. ఆ వరుస తప్పినచో ప్రాణములకే ముప్పు. నిత్యము ఆ పని చేయువారి నడుమ బ్రదుకు మనుష్యునకు ముగ్గురభ్యర్థులను 1, 2, 3 అని వరుసపెట్టుట చేతకాదనుట యేపాటి వివేకము? ఇక చదువుకొన్న మావారి ప్రజ్ఞ వినుడు. పైని చెప్పిన పట్టభద్రుల యెన్నికలో చెల్లని ఓట్లు ఇరువదివేలకు మించినవి! అంకె వ్రాయవలసినచోట గీతలు గీసినవారును, టిక్కు పెట్టినవారును అందరును పట్టభద్రులే. చదువురానివాడు తెలియనిది అడిగి తెలిసికొనును; చదివినవాడు అడుగుటకు సిగ్గుపడును. అంతియే భేదము.

ఎల్ల దాటి చూచిన నింకను స్పష్టమగును. శ్రీలంకలో అధ్యక్షుని నేరుగా ప్రజలే యెన్నుకొందురు. అచ్చటి ఓటరు ముగ్గురివరకు వరుస వ్రాయవచ్చును; కొండలమీది తేయాకు తోటలలో కూలిచేయువారికిని అదే పత్రము. 2024 సెప్టెంబరు ఎన్నికలో మొదటి లెక్కయందెవరికిని సగము రాకపోగా, ఆ దేశచరిత్రలో మొదటిసారిగా రెండవ ప్రాధాన్యముల లెక్క జరిగి, అనుర కుమార దిసనాయకగారు గెలిచిరి. మహాసంపన్నమైన అమెరికాలో నన్ననో, 1912 లో థియోడర్ రూజ్‌వెల్టుగారు తన పాతపార్టీకి వేరై నిలువగా, ఆ పార్టీ యోట్లు రెండు పాయలై, నూటికి నలుబదిరెండు మించని ఓట్లతో విల్సన్‌గారు అధ్యక్షులైరి. 2000 లో ఫ్లారిడా రాష్ట్రమున 537 ఓట్ల యంతరముతో దేశాధ్యక్షత తేలినది. అదే రాష్ట్రమున మూడవవారగు రాల్ఫ్ నాడర్‌గారికి తొంబదియేడు వేలకు పైగా ఓట్లు వచ్చినవి. ఆయనను తిట్టినవారి గ్రంథములు అల్మారా నిండును. ఆ తొంబదియేడు వేలమందిని "మీ రెండవ కోరిక యేమి?" అని పత్రముపై నొక్క ప్రశ్న అడిగియుండినచో ఏమగునో ఆలోచించినవారు తక్కువ. మెయిన్ అను చిన్న రాష్ట్రము మాత్రము 2020 నుండి అధ్యక్ష యెన్నికయందును వరుసయోట్లను లెక్కించుచున్నది.

ఇక మా రామగుండము. 2009 లో ఈ నియోజకవర్గమున జరిగిన మొదటి శాసనసభ యెన్నికలో సోమారపు సత్యనారాయణగారు ఏ పెద్ద పార్టీయు లేక స్వతంత్రులుగా గెలిచిరి. 2018 లో కోరుకంటి చందర్‌గారు ఫార్వర్డ్ బ్లాక్ పక్షమున సింహము గుర్తుపై నిలిచి, అప్పటికి తెలంగాణ రాష్ట్ర సమితి యభ్యర్థులైయున్న ఆ సత్యనారాయణగారినే యోడించిరి. చూచితిరా! ఓటు మురుగునని చెప్పుచోట మూడవవారే రెండుమారులు గెలిచిరి. బొగ్గుబాయి మనుష్యుడు భయపడక తెగించునప్పుడు ఎంతపని చేయగలడో దీనివలన తెలియుచున్నది. కాని కథ అంతటితో ముగియలేదు. సత్యనారాయణగారు 2014 నాటికే ఆ సమితి యభ్యర్థులై గెలిచియుండిరి. చందర్‌గారు గెలిచిన కొలదికాలమునకే అదే సమితిలో చేరిరి. మూడవదారిని వచ్చినవారు పెద్దయింటి గడపయే తొక్కిరి. దీనికి వారిని మాత్రమే నిందించుట మాకు సమ్మతము కాదు. ఒంటరిగా నిలిచినవానిని వచ్చు ఎన్నికలో "వానికి వేసిన మురుగును" అను సైరను మరల వెంటాడునని వారెరుగరా?

ఉమ్మడి రాష్ట్రమున 2009 లో ఇదే పెద్ద యెత్తున జరిగినది. ప్రజారాజ్యము పార్టీ నూటికి పదునారుమంది యోట్లు పొంది 18 స్థానములు గెలిచెను. కాంగ్రెసు నూటికి ముప్పదియేడు నిండని ఓట్లతో 294 లో 156 స్థానములు పొందెను. ప్రజారాజ్యమువారి మనస్సులో రెండవ స్థానమెవరిదో ఎవరును అడుగలేదు. 2011 లో ఆ పార్టీ కాంగ్రెసులో కలిసినప్పుడు ఓటరు తరఫున ఆ ప్రశ్నకు నాయకుడే జవాబు చెప్పెను.

ప్రతిపక్షమున నొక గట్టిమాట యున్నది, దానిని దాటవేయము. మూడవవారందరును సత్పురుషులు కారు. ఓట్లను త్రిప్పుటకై సొమ్మిచ్చి నిలుపబడువారున్నారు. పేరును పోలిన పేరుగలవానిని వెదకి నిలుపువారున్నారు. గుర్తును పోలిన గుర్తు మరియొక మాయ: 2019 లో భువనగిరి లోకసభ స్థానమున కారు గుర్తువారు 5,219 ఓట్లతో నోడిపోగా, రోడ్డురోలరు గుర్తునకు 27,973 ఓట్లు వచ్చినవి. ముసలికన్నులకు ఆ రెండును ఒకటిగా తోచినవని ఆ పార్టీవారి మొర. పొరపాటున నొక్కిన మీటను వరుసపత్రము సరిదిద్దజాలదు. దానికి గుర్తుల పంపకములో జాగ్రత్త వలయును. కాని కొనుగోలు అభ్యర్థి వ్యాపారము మాత్రము వరుసపత్రము ముందు దివాలా తీయును. వానికి పడిన ఓట్లు తిరిగి తమ రెండవవానికే చేరునప్పుడు, చీల్చుటకై సొమ్ము పెట్టు మూర్ఖుడెవడు?

మన పెద్దలు చేసిన చికిత్స వేరు. మూడవవాడు వచ్చు తలుపునే మూయుచు వచ్చిరి. 1967 రాష్ట్రపతి యెన్నికలో పదునేడుగురు నిలువగా తొమ్మండుగురికి ఒక్క ఓటైనను రాలేదు. అది వినోదమే, కాదనము. దానిని చూచి 1974 లో పదిమంది ప్రతిపాదించి పదిమంది బలపరచవలెనని చట్టము చేసిరి. 1997 లో ఆ సంఖ్యను యాబదికి యాబదిగా పెంచి, ధరావతును 15,000 రూపాయలు చేసిరి. సామాన్య ఓటరునకో, 2013 లో సుప్రీంకోర్టు తీర్పువలన యంత్రము చివర "పై వారెవరును కారు" అను మీట యొకటి లభించినది. ఆ మీటకు ఎన్ని ఓట్లు వచ్చినను ఫలితము మారదు. ఇష్టములేదని చెప్పుటకు చోటు పెట్టిరి గాని, రెండవ యిష్టమేమని అడుగుటకు చోటు పెట్టలేదు.

యంత్రములను మార్చవలెను, చట్టమును సవరింపవలెను, ఇది యిప్పట్లో కాదని నిట్టూర్చువారికి మేము దగ్గరిదారి యొకటి చూపెదము. సింగరేణిలో గుర్తింపు సంఘమును కార్మికులే రహస్యపు ఓటుతో నెన్నుకొందురు. 2023 డిసెంబరు 27 న జరిగిన యెన్నికలో పదికి మించిన సంఘములు నిలిచినవి. మొదటి రెండు సంఘములకు నడుమ నున్న యంతరము 1,999 ఓట్లు మాత్రమే. మిగిలిన సంఘములకు వేసిన వేలకొలది కార్మికుల రెండవ కోరిక యేమో పెట్టెలోనే యుండిపోయినది. ఇచ్చట కాగితపు పత్రమే వాడుదురు. పార్లమెంటు కదలనక్కరలేదు, సంఘములును, యాజమాన్యమును, కేంద్ర కార్మికశాఖయును కూర్చుండి సమ్మతించినచో చాలును. కార్మికోద్యమమున పెరిగి వరుసయోట్లతో రాష్ట్రపతియైన గిరిగారి పేరు చెప్పుకొను సంఘములు ముందుగా దీనిని కోరవలదా?

రాష్ట్రపతి యెన్నిక మరల 2027 లో రావలసియున్నది. 2022 లో తెలంగాణ శాసనసభ్యుని ఒక్క ఓటు విలువ 132. ఆ దినమున మా రామగుండము శాసనసభ్యులు హైదరాబాదునకు పోయి, గులాబిరంగు పత్రమును చేత బట్టి, పేర్లకెదురుగా నున్న గడులలో 1 అనియు, తలచినచో 2 అనియు వ్రాసి వత్తురు. వారు తిరిగి వచ్చినప్పుడు చౌరస్తాలో కలిసి, ఆ రెండవ అంకె వ్రాయుటకు తమకున్న యధికారము మాకేల లేదని అడుగుటకు నిశ్చయించుకొన్నాము. మా పూర్వవిద్యార్థిని గూడ వెంట తీసికొని పోయెదము. ఆనాడతనికి మొదటి షిఫ్టు పడినచో సాయంకాలము వరకు వేచియుందుము.